28 రోజుల నెల

ఫిబ్రవరిని పక్కన పెడితే క్యాలెండరులో 28 రోజుల నెల లేదు. అయినా సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇంట్లోనూ నెల అంటే 28 రోజులే. నాలుగు వారాలు నిండగానే గడువు ముగిసిందని మెసేజీ వస్తుంది, ఆ తర్వాత ఫోను మూగబోతుంది. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య చంద్రుడు కూడా దాదాపు 29న్నర రోజులు తీసుకుంటాడు. పులికాట్‌లో వల వేసే మన జాలరి సోదరులకు ఆ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. ఫోను కంపెనీల నెల చంద్రుడి నెల కంటే కూడా ఒకటిన్నర రోజు పొట్టిది. అందుకే ఏడాదికి నెలలు 12 అయినా రీచార్జీలు 13.

ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం బయట నిలబడి మాట్లాడుకునే మాటల్లో ధాన్యం ధర, రొయ్యల ధరతో పాటు ఈ మధ్య ఇంకో మాట చేరింది: "నెట్ రేటు మండిపోతా ఉందయ్యగారూ." సూళ్లూరుపేట బజారులో రీచార్జి కొట్టు దగ్గరైనా, షార్ బస్సు కోసం నిలబడ్డ ఉద్యోగుల మధ్యనైనా, శ్రీసిటీలో షిఫ్టు దిగి వచ్చే పిల్లల నోటనైనా ఇదే మాట. ఈ బాధను మేము తోసిపుచ్చడం లేదు. అయితే అసలు నొప్పి ఎక్కడుందో సరిగా చూడాలి. గురి తప్పిన ఫిర్యాదు వల్ల మేలు జరిగేది కంపెనీకే.

రేటు సంగతే ముందు చూద్దాం. పదేళ్ల కిందట ఒక జీబీ డేటాకు రెండు వందల రూపాయలకు పైనే పెట్టేవాళ్లం. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక ఆ ధర నేలకు దిగింది. 299 రూపాయల ప్లానులో రోజుకు ఒకటిన్నర జీబీ చొప్పున 28 రోజులకు 42 జీబీ వస్తుంది. అంటే జీబీకి సుమారు ఏడు రూపాయలు, ఒక టీ ధర కంటే తక్కువ. ఇంత చౌకగా డేటా దొరికే దేశాలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. కాబట్టి కంపెనీ మనిషి ఎవరైనా మన ఎదుట కూర్చుని "మేమేం దోచుకున్నాం?" అని అడిగితే, జీబీ ధర మీద వాదన పెట్టుకున్నవాడు ఓడిపోతాడు.

కానీ ఆ 42 జీబీ అందరికీ కావాలా? కొంచెమే కావాలనేవాడికి కొంచెం అమ్ముతున్నారా? 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ రెండు రోజుల వ్యవధిలో ధరలు పెంచాయి. అంతవరకు 239 ఉన్న జియో ప్లానే 299 అయ్యింది. అది నాలుగో వంతు పెంపు. దాని మీద పత్రికలన్నీ రాశాయి, మనం కూడా అరిచాం. ఇప్పుడు 299ని 12తో గుణించండి, 3,588. 13తో గుణించండి, 3,887. మధ్యలో ఉన్న ఆ 299 రూపాయల మీద ఎవరూ అరవలేదు. అది ఏ ధరల పట్టికలోనూ పెంపుగా కనిపించదు. నెలను పొట్టి చేయడం వల్ల వచ్చిన డబ్బు అది.

ఆమోసు గ్రంథం 8వ అధ్యాయం ఒకసారి తెరిచి చూడండి. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో, రెండవ యరొబాము ఏలుబడిలో, ఇశ్రాయేలు రాజ్యం బాగా సంపాదించుకున్న రోజులవి. తెకోవ నుంచి వచ్చిన గొల్లవాడు అక్కడి ధాన్యపు వర్తకుల మీద మోపిన నేరమేమిటి? గింజలు ప్రియమయ్యాయని ఆయన అనలేదు. కొలపాత్రను చిన్నది చేశారనీ, డబ్బు తూచే రాయిని పెద్దది చేశారనీ, త్రాసును మోసానికి వాడుకున్నారనీ అన్నాడు. ఎఫా అంటే మన లెక్కలో సుమారు 22 లీటర్ల కొలత. దాన్ని ఎఫా అని పిలుస్తూనే లోపల కొంత తగ్గించి పోస్తే కొనేవాడు గుర్తుపట్టలేడు. ధర మారలేదు కదా అని సంతోషంగానే ఇంటికి వెళతాడు. ఆ వచనాల్లో ఇంకో చిన్న సంగతి ఉంది. ఆ వర్తకులు అమావాస్య ఎప్పుడు గడుస్తుందా అని తొందరపడ్డారు. అది పండుగ రోజున అంగళ్లు మూసివేయడం గురించి అని వ్యాఖ్యానకర్తలు చెబుతారు, నిజమే. కానీ నెల త్వరగా తిరిగిపోవాలన్న ఆ ఆత్రం 28 రోజుల ప్యాకును చూశాక కొత్తగా అర్థమవుతుంది.

ఇంటర్నెట్ వ్యాపారంలో అన్యాయం ధరలో కంటే కొలతలో ఎక్కువగా ఉందన్నది మా అభిప్రాయం.

నెల ఒక్కటే కాదు. "అన్‌లిమిటెడ్" అనే మాట చూడండి. రోజు కోటా దాటగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో ఒక ఫోటో తెరుచుకునేలోపు చిన్న ప్రార్థన ముగించవచ్చు. హద్దు ఉన్నదాన్ని హద్దు లేనిది అని పిలవడం ఏ భాషలో న్యాయం? ఇంటికి వేసే కేబుల్ ఇంటర్నెట్‌లో "100 ఎంబీపీఎస్ వరకు" అంటారు. ఆ "వరకు" అనే మాట ఎంత తక్కువనైనా తనలో ఇముడ్చుకుంటుంది. ఇక వాడుకోని డేటా అర్ధరాత్రికి ఆవిరైపోతుంది. అరణ్యంలో కురిసిన మన్నా కూడా మరుసటి ఉదయానికి నిలవ ఉండేది కాదు అని ఒక యౌవనస్థుడు మాతో హాస్యమాడాడు. మన్నాకు ఎవరూ డబ్బు తీసుకోలేదు, పైగా ఆరవ రోజున రెండంతలు వచ్చేది. (వొడాఫోన్ ఐడియా వారు కొన్ని ప్లాన్లలో వారంలో మిగిలిన డేటాను శని, ఆదివారాలకు అందించారు. అంతవరకు వారు నిర్గమకాండానికి కాస్త దగ్గరగా ఉన్నట్టే.)

"28 రోజులని స్పష్టంగానే రాస్తున్నాం కదా, దాచిందేముంది?" అని కంపెనీలు అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సిందే, ఎందుకంటే వారు అబద్ధం రాయడం లేదు. నాలుగు వారాల లెక్క అయితే ప్రతి గడువూ ఒకే వారాన ముగుస్తుంది, అది కూడా ఒక సౌకర్యమే. వేల కోట్లు పోసి స్పెక్ట్రమ్ కొన్నాం, టవర్లు వేశాం, ఆ డబ్బు తిరిగి రావాలి అని వారు చెప్పేదాంట్లో కూడా నిజముంది. నష్టాల్లో మునిగి కంపెనీలు మూతబడితే చివరికి ఒక్కరే మిగులుతారు, అది ఇంకా ప్రమాదం. కానీ ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో తూకాల గురించి ఉన్న ఆజ్ఞ గమనించండి. తప్పుడు రాయితో తూచవద్దు అని చెప్పి అక్కడ ఆగిపోలేదు. సంచిలో రెండు రకాల రాళ్లు ఉంచుకోవడాన్నే నిషేధించింది. కంపెనీల సంచిలో ఇప్పుడు 28 రాయీ ఉంది, 30 రాయీ ఉంది. ఏ రాయి ఎవరికి ఎప్పుడు బయటికి తీయాలో వారే నిర్ణయిస్తారు.

30 రాయి ఎలా వచ్చిందంటే, 2022 జనవరిలో నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక ఆదేశం ఇచ్చింది. ప్రతి కంపెనీ ఒక్కొక్క రకం రీచార్జిలో కనీసం ఒకటి 30 రోజుల గడువుతో, ఇంకొకటి ప్రతి నెలా అదే తేదీన వేయించుకునేలా ఇవ్వాలన్నది. ఆదేశం అమలయ్యింది, ఆ ప్లాన్లు వచ్చాయి. కానీ కొట్టు గోడ మీద అంటించిన కాగితంలో పెద్ద అంకెలతో కనిపించేవి 28 రోజులవే. రెండోది అడిగితేనే చెబుతారు. కనీసం ఒకటి ఇవ్వండి అని చట్టం అడిగితే, ఒకటే ఇస్తారు.

ఈ రెండు మూడు రోజుల తేడా జీతగాడికి చిన్న విషయమే. పింఛను మీద బతికేవారి దగ్గర దాని బరువు వేరు. మన రాష్ట్రంలో వృద్ధులకూ విధవరాండ్రకూ 4,000 రూపాయల పింఛను ఒకటో తేదీన ఇంటికి వస్తుంది. అది క్యాలెండరు నెల. జనవరి 1న పింఛనులోంచి చేయించిన రీచార్జి 28న ముగుస్తుంది. 29, 30, 31 తేదీల్లో చేతిలో డబ్బు ఉండదు. మాకు తెలిసిన ఒక అవ్వ ఆ మూడు రోజులకూ "నా ఫోను ఉపవాసం" అని పేరు పెట్టుకుంది. నవ్వుతూనే చెబుతుంది. చెన్నైలో పనికి పోయిన కొడుకు ఆ మూడు రోజుల్లో ఫోను చేస్తే, పక్కింటి వాళ్ల నంబరుకు చేయాలి. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఆ రోజుల్లోనే అవసరపడితే పని ఆగిపోతుంది. రాబడి ఒక నెల లెక్కన, ఖర్చు ఇంకో నెల లెక్కన నడిచే ఇంట్లో ప్రతి చివరి వారమూ ఇలాగే ఉంటుంది.

ఆమెకు డేటా అసలు అవసరం లేదు. బటన్ ఫోను, మాట్లాడితే చాలు. 2024 డిసెంబరులో ట్రాయ్ ఇలాంటి వారి కోసమే ఒక మంచి నియమం తెచ్చింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు వేరుగా అమ్మాలనీ, గడువు 365 రోజుల దాకా ఇవ్వవచ్చనీ చెప్పింది. మేము సంతోషించాం. 2025 జనవరిలో ఆ ప్లాన్లు వచ్చాయి. జియోలో 448 రూపాయలకు 84 రోజులు, 1,748 రూపాయలకు 336 రోజులు. ఎయిర్‌టెల్‌లో 469కి 84 రోజులు, 1,849కి 365 రోజులు. ఈ అంకెలను కొంచెం ఆగి చూడండి. 84 అంటే మూడు 28లు. 336 అంటే పన్నెండు 28లు. తగ్గించిన నెలను పన్నెండుసార్లు కూడితే తగ్గించిన సంవత్సరం వచ్చింది. నెలనెలా కొద్దికొద్దిగా కట్టుకునే వీలు వాటిలో లేదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధి తిరిగే అమ్మ ఒక్కసారిగా 448 రూపాయలు ఎక్కడి నుంచి తెస్తుంది? పేదవాడు నూనె కూడా చిన్న ప్యాకెట్లలోనే కొంటాడు, అది తెలివితక్కువతనం వల్ల కాదు, చేతిలో అంతే ఉంటుంది గనుక. 2018 చివర్లో, ఇన్‌కమింగ్ నిలబెట్టుకోవాలంటే 28 రోజులకు 35 రూపాయలు వేయించాలని కొన్ని కంపెనీలు మొదలుపెట్టినప్పుడే జనం గగ్గోలు పెట్టారు. 2024 పెంపు తర్వాత ఎయిర్‌టెల్‌లో ఆ కింది మెట్టు 199 అయ్యింది. మెట్టు పైకి జరిగింది, నిలబడే కాళ్లు అవే.

ప్రభుత్వ రంగంలోని బీఎస్‌ఎన్‌ఎల్ 2024లో ధరలు పెంచలేదు. ఆ నెలల్లో ఎంతోమంది నంబరు అటు మార్చుకున్నారు. స్వదేశీ పరిజ్ఞానంతో దాని 4జీ సేవలు 2025 సెప్టెంబరు 27న దేశమంతటా అధికారికంగా మొదలయ్యాయి. ఆ సంస్థ బలంగా నిలబడితే మిగిలినవారి కొలపాత్ర కూడా కొంత సరి అవుతుంది. ఎవరి మీదా ప్రత్యేక ప్రేమతో మేము ఇది రాయడం లేదు. సంతలో నిజాయితీ గల కాటా ఒక్కటి ఉన్నా మిగతా కాటాలు కాస్త భయపడతాయి.

కొలత సంగతి ఇలా ఉండగా, దారి సంగతి ఇంకొకటి ఉంది. డేటా ఎంత ఇచ్చారన్నది ఒక ప్రశ్న. ఆ డేటాతో ఎక్కడికైనా వెళ్లనిస్తున్నారా అన్నది రెండో ప్రశ్న. దీనికి మన తెలుగు రాష్ట్రాలకు సొంత చరిత్రే ఉంది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే ఉచిత సేవను తెచ్చాయి. తర్వాత దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. మొట్టమొదట మొదలైన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. డబ్బు లేకుండానే ఇంటర్నెట్ అన్నారు. తెరిచి చూస్తే కంపెనీ ఒప్పుకున్న కొన్ని సైట్లే కనిపించేవి. దేశమంతటి నుంచి పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కి వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తీర్పు చెప్పింది: ఏ సైటు చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదు. ఫ్రీ బేసిక్స్ మన దేశం విడిచి వెళ్లింది.

పేదలకు ఊరికే వచ్చేదాన్ని ఎందుకు అడ్డుకున్నారని అప్పుడు కొందరు విశ్వాసులు కూడా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ గోడ లోపల ఏముండాలో నిర్ణయించేది ఎవరు? ఒక చిన్న క్రైస్తవ వారపత్రికను ఆ జాబితాలో ఎవరు చేరుస్తారు? పల్లెలో పాస్టరుగారు పెట్టుకున్న యూట్యూబ్ ఛానెల్ సంగతేమిటి? మనల్ని కాపాడిన ఆ నియమమే మసీదు సైటునూ, గుడి సైటునూ, నాస్తికుల సైటునూ కాపాడింది. దారి అందరికీ ఒక్కటిగా ఉన్నప్పుడే మన సువార్త కూడా ఆ దారిన నడుస్తుంది. సంఖ్యలో తక్కువ ఉన్నవారికి ఈ నియమం విలువ ఇతరుల కంటే ఎక్కువ తెలియాలి.

అదే ఫేస్‌బుక్ కంపెనీ ఇప్పుడు మెటా పేరుతో వేరే తలుపు నుంచి మన రాష్ట్రంలోకి వచ్చింది. 2024 అక్టోబరులో మెటాతో ఒప్పందం చేసుకుని, 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్ మీద 161 సేవలు మొదలుపెట్టింది. ధ్రువపత్రం కోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగినవారెవరూ దీన్ని తప్పుపట్టరు, మేమూ పట్టం. మా ఆందోళన ఒక్కటే. ఈ తలుపు బాగుంది గనుక సచివాలయం కిటికీ మూసేద్దాం అని రేపు ఎవరికైనా తోచకూడదు. రీచార్జి అయిపోయిన మనిషి కూడా పౌరుడే. ప్రభుత్వ సేవ అందుకోవడానికి ఒక ప్రైవేటు కంపెనీ యాప్, ఇంకో ప్రైవేటు కంపెనీ ప్యాకు, రెండూ ఉండి తీరాలి అన్న రోజు వస్తే, అప్పుడు సేవ ఉచితం అని రాయడం కూడా తప్పుడు కొలతే అవుతుంది.

మన ఊళ్లో కూర్చుని ఈ మాటలు రాయడంలో ఒక వింత ఉంది. శ్రీహరికోట నుంచి 2022 అక్టోబరు 23న ఒకసారి, 2023 మార్చి 26న ఇంకోసారి 36 చొప్పున వన్‌వెబ్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు పైకి లేచాయి. మొన్న 2025 డిసెంబరు 24న, క్రిస్మస్‌కు ముందురోజు ఉదయం, అమెరికా కంపెనీకి చెందిన బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని మన ఎల్‌వీఎం3 రాకెట్టే మోసుకెళ్లింది. సుమారు 6,100 కిలోల బరువు. మన గడ్డ మీది నుంచి ఎగిరిన వాటిలో అదే అత్యంత బరువైనది. టవరు లేకుండా మామూలు సెల్‌ఫోనుకే నేరుగా ఆకాశం నుంచి నెట్ ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. ప్రపంచానికి ఇంటర్నెట్ మన సరస్సు మీదుగా పైకి వెళుతోంది. ఆ సరస్సు ఒడ్డున, పడవ ఎక్కి చేరుకోవలసిన ఇరకం లాంటి చోట్ల, ఆ సేవ చివరికి ఎంత ధరకు, ఏ కొలతతో దిగుతుందన్నదే మేము చూడబోతున్నది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది, క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం మీద వచ్చిన కేసులో. అంటే పొలం మనది, కంపెనీలు కౌలుదార్లు. కౌలుదారు కష్టపడతాడు, లాభం తీసుకుంటాడు, తీసుకోనివ్వండి. పొలం యజమానికే తప్పుడు తూముతో గింజలు కొలిచి అమ్మడమే వింత.

ప్రభుత్వమే ముందుకొచ్చిన ప్రయోగం కూడా మన రాష్ట్రంలో జరిగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్నారు. ఆలోచన గొప్పది. ఆ తర్వాత ధర పెరిగింది, కేసులు వచ్చాయి, ఆరోపణలు వచ్చాయి, ప్రభుత్వాలు మారాయి. వాటిలోకి మేము వెళ్లడం లేదు. ఆ తీగను పార్టీల తగవుగా వదిలేయకుండా మళ్లీ పల్లెల తీగగా నిలబెట్టండి అని మాత్రం అడుగుతాం.

ఫోను బిల్లు తర్వాత మన సంఘాల్లో, పరిచర్యల్లో ఎక్కువగా వినిపించే మాట కంప్యూటరు సాఫ్ట్‌వేర్ ఖర్చు. తెలుగు క్రైస్తవ ముద్రణ చాలా ఏళ్లు పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే నడిచింది. కరపత్రాలు, పాటల పుస్తకాలు, ఉజ్జీవ సభల పోస్టర్లు అన్నీ అందులోనే తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001 నాటిది. దాని తర్వాతి తరం సాఫ్ట్‌వేర్‌ను అడోబీ కంపెనీ 2013 నుంచి నెలవారీ చందా పద్ధతిలోకి మార్చింది. ఒకసారి కొని పదేళ్లు వాడుకునే రోజులు పోయాయి. సాఫ్ట్‌వేర్ కూడా కౌలు భూమి అయ్యింది. చందా ఆపితే మన పుస్తకం మనకే తెరుచుకోదు. ఆపైన 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. కొన్ని షరతులతో ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తున్నారు గానీ, సంఘం ఆఫీసులో చక్కగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. యంత్రం చెడిపోలేదు, గడువు తీరింది. ఇది కూడా 28 రోజుల నెలకు చుట్టమే.

ఇక్కడే మన వాళ్లు కొందరు సులువైన దారి పడతారు. తెలిసిన కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసి వెళతాడు. "దేవుని పనికే కదా అయ్యగారూ" అంటారు. అమ్మేవాడి త్రాసు తప్పు గనుక కొనేవాడు బస్తా ఎత్తుకుపోవచ్చని ఆమోసు ఎక్కడా చెప్పలేదు. కంపెనీల కొలతను ప్రశ్నించే నోటితో దొంగ కాపీని సమర్థించలేం. పైగా ఆ కాపీలతో పాటు వైరస్‌లు ఎన్ని వస్తాయో బాగుచేసే షాపువారిని అడగండి.

దొంగిలించనక్కరలేని దారి ఒకటి ఉంది. లేవీయకాండము 19వ అధ్యాయం చివర్లో సరైన త్రాసు, సరైన కొలపాత్ర గురించి ఆజ్ఞ ఉంది. అదే అధ్యాయం మొదట్లో పొలం అంచులు పూర్తిగా కోయవద్దనీ, పరిగె పేదవారికీ పరదేశులకూ విడిచిపెట్టమనీ ఉంది. రెండూ ఒకే అధ్యాయంలో ఉండడం అనుకోకుండా జరిగింది కాదు. సాఫ్ట్‌వేర్ లోకంలో కూడా అంచులు విడిచిపెట్టినవాళ్లున్నారు. ఉత్తరాలకూ లెక్కలకూ లిబ్రే ఆఫీస్, పుస్తకం పేజీలు కట్టడానికి స్క్రైబస్, పాత కంప్యూటరును బతికించడానికి లినక్స్. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఇరవై ఏళ్లుగా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో అందించే పని చేస్తోంది. సిలికానాంధ్ర వారు విడుదల చేయించిన రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లను ఎవరైనా డబ్బు కట్టకుండా, చట్టబద్ధంగా వాడుకోవచ్చు. పక్కన కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. ఈ పొలంలో బోయజులు చాలామంది ఉన్నారు, రూతులే తక్కువ.

ఇది నొప్పి లేకుండా జరుగుతుందని చెప్పడం లేదు. అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మారిస్తే అక్కడక్కడా వత్తులు చెదిరిపోతాయి, ప్రతి పేజీ మళ్లీ దిద్దుకోవాలి. ముప్పై ఏళ్ల పాటల పుస్తకం మార్చాలంటే ఇద్దరు యౌవనస్థులకు వేసవి సెలవులు మొత్తం పడతాయి. ఆ సెలవులు ఇవ్వగలిగిన యౌవనస్థులు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లకు మనం ఇప్పటిదాకా అప్పగించిన పని సౌండ్ బాక్సులు మోయడమే.

చివరిగా సంఘం చేతిలోని కొలత. ఈ మధ్య చాలా సంఘాల్లో ప్రార్థన కూడిక సమయం మారినా, ఎవరైనా ప్రభువునందు నిద్రించినా, కబురు వాట్సాప్ గ్రూపులోనే వెళుతోంది. బటన్ ఫోను ఉన్న అవ్వకు ఆ కబురు మట్టి చేసిన మరునాడు తెలుస్తుంది. మందిరం గుమ్మం పక్కన నల్లబల్ల ఒకటి ఉండేది, అది ఇప్పుడు స్టోర్ గదిలో ఉంది. ఆరాధన లైవ్ సంగతి కూడా అంతే. గంట వీడియో స్పష్టంగా చూస్తే ఒక జీబీ దాకా పోతుంది, అంటే కూలి మనిషి రోజు కోటాలో మూడింట రెండు వంతులు. అదే గంట ప్రసంగాన్ని 64 కేబీపీఎస్ ఆడియోగా పెడితే 30 ఎంబీలోపు ఒదుగుతుంది. వాక్యం వినడానికి డ్రోను దృశ్యాలు అవసరం లేదు. పెద్ద కెమెరాలు కొన్న సంఘాలు ఆ పక్కనే ఒక ఆడియో లింకు కూడా పెట్టాలని పాస్టర్లను కోరుతున్నాం. రీచార్జి కొట్టుకు వెళ్లే ప్రతి ఒక్కరూ 30 రోజుల ప్లాను, కాల్స్ మాత్రమే ఉన్న ప్లాను పేరు పెట్టి అడగాలని కూడా కోరుతున్నాం. చెప్పిన సేవ అందకపోతే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి దాని నంబరు రాసుకోండి, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి తెలుగులోనే చెప్పవచ్చు.

ఈ వారం నుంచి మన పత్రికను సైటులో రెండు రకాలుగా పెడుతున్నాం. ఒకటి ఫోటోలతో ఉండే పూర్తి పీడీఎఫ్. రెండోది అక్షరాలు మాత్రమే ఉండే సంచిక, 400 కేబీ లోపే ఉంటుంది. రోజు కోటా అయిపోయి వేగం పడిపోయాక కూడా అది నిమిషంలో దిగుతుంది.